ప్యాక్-12: బేరం చెడిపోయాక ఆడిన సీజన్

2023 సెప్టెంబర్ మొదటి వారాంతానికి ప్యాక్-12 కాన్ఫరెన్స్‌లోని పన్నెండు జట్లూ తమ తొలి మ్యాచ్ గెలిచేశాయి. ఇంకో వారం గడిచేసరికి అసోసియేటెడ్ ప్రెస్ ప్రకటించే దేశవ్యాప్త టాప్-25 జాబితాలో ఎనిమిది జట్లు ఈ ఒక్క కాన్ఫరెన్స్‌వే. అమెరికా పశ్చిమ తీరపు కాలేజ్ ఫుట్‌బాల్ అంత బలంగా కనిపించి చాలా ఏళ్లయింది. కానీ అప్పటికే ఆ పన్నెండిట్లో పది యూనివర్సిటీలు వేరే కాన్ఫరెన్స్‌లకు వెళ్లిపోతున్నట్టు ప్రకటించేశాయి. మిగిలినవి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే. 1915లో మొదలైన ఒక వ్యవస్థ తన చివరి పూర్తి సీజన్‌ను, అదీ దాదాపు తన అత్యుత్తమ సీజన్‌ను, ఇలా ఆడింది.

ఆట బాగుంటే లీగ్ బతుకుతుందని మనం సహజంగా అనుకుంటాం. ప్యాక్-12 కథలో ఆటకూ లీగ్ ఆయుష్షుకూ సంబంధం లేకపోయింది. దాని ధర నిర్ణయమైంది మైదానంలో కాదు, టీవీ ఒప్పందం ఏ తేదీన ముగుస్తుంది, కాలిఫోర్నియాలో రాత్రి ఏడున్నర అయితే న్యూయార్క్‌లో ఎంతవుతుంది, సొంత ఛానల్ ఎన్ని ఇళ్లకు చేరింది అనే లెక్కల్లో. ఆ లెక్కలన్నీ 2023 సీజన్ మొదలవ్వకముందే తేలిపోయాయి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం చూసే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఆట. ఆడేది యూనివర్సిటీ విద్యార్థులే అయినా, పెద్ద స్టేడియంలు డెబ్భై వేలు, లక్ష మందితో నిండిపోతాయి. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న సంఘం. సభ్యుల మధ్య మ్యాచ్‌ల షెడ్యూల్ వేయడం, చాంపియన్‌ను తేల్చడం, అన్నిటికంటే ముఖ్యంగా అందరి ప్రసార హక్కులనూ మూటగట్టి టీవీ సంస్థలకు అమ్మి వచ్చిన డబ్బు పంచడం దాని పని. ఐపీఎల్‌లో ఫ్రాంచైజీలన్నిటి హక్కులను బోర్డు ఒకేసారి అమ్మినట్టే. తేడా ఒకటుంది. ఐపీఎల్ జట్టు ఒకటి లేచి ఇంకో లీగ్‌కు వెళ్లిపోలేదు. ఇక్కడ వెళ్లొచ్చు. హక్కుల ఒప్పందం గడువు తీరితే జరిమానా కూడా లేకుండా వెళ్లొచ్చు. ప్యాక్-12 ఒప్పందం 2024 వేసవితో ముగిసేది. తూర్పు తీరంలోని ఏసీసీ అనే కాన్ఫరెన్స్ సభ్యులు తమ హక్కులను 2036 దాకా కాన్ఫరెన్స్‌కు రాసిచ్చేశారు. అందుకే ఫ్లోరిడా స్టేట్ లాంటి యూనివర్సిటీ అక్కడినుంచి బయటపడే దారి కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. పశ్చిమాన తలుపుకు గొళ్లెమే లేదు.

గడువు దగ్గర పడటం ఒక్కటే అయితే ప్రమాదం లేదు, కొత్త ఒప్పందం కుదిరితే సరిపోయేది. కుదరకపోవడానికి బీజాలు 2011, 2012 నాటివి. అప్పటి కమిషనర్ లారీ స్కాట్ ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో పన్నెండేళ్లకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిర్చారు. ఆ రోజుకు అది రికార్డు. దాంతో వచ్చిన ధీమాతో 2012లో కాన్ఫరెన్స్ సొంత ఛానళ్లు పెట్టుకుంది, వాటాదారు ఎవరూ లేకుండా. మిగతా పెద్ద కాన్ఫరెన్స్‌ల్లో బిగ్ టెన్ తన ఛానల్‌ను ఫాక్స్‌తో కలిసి పెట్టింది, ఎస్‌ఈసీ ఈఎస్‌పీఎన్‌తో కలిసి పెట్టింది. ఆ పెద్ద సంస్థలు కేబుల్ కంపెనీలతో గట్టిగా బేరమాడి ఛానళ్లను ఇంటింటికీ చేర్చాయి. ప్యాక్-12కు అండ లేదు. దేశంలోని పెద్ద శాటిలైట్ సర్వీసు డైరెక్ టీవీ ఈ ఛానల్‌ను ఎన్నడూ తీసుకోలేదు. ఏటా కొన్ని మంచి మ్యాచ్‌లు ఆ ఛానల్లోనే వచ్చేవి కాబట్టి దేశంలో సగం మందికి అవి కనిపించేవే కావు. పైగా, కామ్‌కాస్ట్ కేబుల్ సంస్థ ఏళ్ల తరబడి తమకు సుమారు 5 కోట్ల డాలర్లు ఎక్కువ చెల్లించిన సంగతి దాచారని 2023 జనవరిలో ఇద్దరు ఉన్నతాధికారులను తొలగించారు. కొత్త బేరానికి కూర్చోవాల్సిన సమయంలో ఇదొక తలనొప్పి.

సమయం సంగతి మరీ మొండిది. పశ్చిమ తీరంలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ న్యూయార్క్‌లో పదిన్నరకు మొదలవుతుంది, ముగిసేసరికి అక్కడ అర్ధరాత్రి దాటి రెండవుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని చూసేవాడికి మాత్రం అది ఆదివారం ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల ఆట, టిఫిన్‌తో పాటు చూడొచ్చు. అమెరికా జనాభాలో ఎక్కువమంది ఉండేది తూర్పు, మధ్య ప్రాంతాల్లో. ర్యాంకులకు ఓటు వేసే విలేకరులూ అక్కడే ఎక్కువ. రాత్రిపూట జరిగే ఈ విచిత్రమైన మ్యాచ్‌లకు ‘ప్యాక్-12 ఆఫ్టర్ డార్క్’ అని అభిమానులు ముద్దుపేరు పెట్టుకున్నారు కానీ, ముద్దుపేరుకు ప్రకటనలు రావు.

2021 వేసవిలో టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీలు బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌ను వదిలి ఎస్‌ఈసీకి వెళ్తామన్నప్పుడు, కుంటుపడిన బిగ్ 12 నుంచి కొందరిని చేర్చుకునే అవకాశం ప్యాక్-12కు వచ్చింది. కొత్త కమిషనర్ జార్జ్ క్లియావ్‌కాఫ్ హయాంలో ‘విస్తరణ వద్దు’ అని ప్రకటించారు. దానికి బదులు ఆగస్టులో బిగ్ టెన్, ఏసీసీలతో ‘అలయన్స్’ అనే ఒడంబడిక చేసుకున్నారు. రాతకోతలు లేవు, పరస్పర నమ్మకమే. ఏడాది తిరగలేదు, 2022 జూన్ 30న లాస్ ఏంజెలిస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు వార్త వచ్చింది. మిత్రుడే ఇల్లు దోచాడు. లాస్ ఏంజెలిస్ మార్కెట్ మొత్తం చేజారింది. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది.

ఇంత జరిగినా ప్యాక్-12 బతికే దారి ఉండేదనే అనిపిస్తుంది. ఆ ఏడాది శరదృతువులో ఒక్కో యూనివర్సిటీకి ఏటా 3 కోట్ల డాలర్ల చొప్పున ఇస్తామని ఈఎస్‌పీఎన్ ముందుకొస్తే, యూనివర్సిటీ అధ్యక్షులు 5 కోట్లు అడిగారని తర్వాత వార్తలొచ్చాయి. ఈఎస్‌పీఎన్ తిరిగి బేరానికి రాలేదు. అదే సమయంలో బిగ్ 12 కమిషనర్ బ్రెట్ యోర్మార్క్ వరుసలో ముందుకు దూరారు. ఆయన ఒప్పందానికి 2025 దాకా గడువున్నా ముందే తెరిచి, 2022 అక్టోబర్‌లో ఆరేళ్లకు 228 కోట్ల డాలర్లు ఖాయం చేసుకున్నారు. అంటే సభ్యుడికి సగటున ఏటా సుమారు 3.17 కోట్లు. ప్యాక్-12 కాదన్నంత ధరకే అటూ ఇటుగా పక్కవాడు సరుకు అమ్ముకున్నాడు. ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌ల దగ్గర ఇక ఖాళీ స్లాట్లూ లేవు, డబ్బూ లేదు.

మిగిలింది టెక్ సంస్థ యాపిల్ స్ట్రీమింగ్. చందాదారులు పెరిగితే వాటా పెరుగుతుంది, కనీస హామీ మాత్రం ఒక్కో యూనివర్సిటీకి ఏటా 2.3 కోట్ల డాలర్ల దగ్గర. ఆ ప్రతిపాదన 2023 ఆగస్టు మొదటి రోజుల్లో బల్ల మీదకొచ్చింది. అప్పటికే జులై 27న కొలరాడో వెళ్లిపోయింది. ఆగస్టు 4న సంతకాలు జరుగుతాయనుకున్న ఉదయమే వాషింగ్టన్, ఒరెగాన్ బిగ్ టెన్ వైపు తిరిగాయి. ఆ సాయంత్రానికి అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా-బర్కిలీ ఏసీసీకి, అంటే అట్లాంటిక్ తీరం పేరున్న కాన్ఫరెన్స్‌కు, పసిఫిక్ ఒడ్డు నుంచి. తప్పంతా యూఎస్‌సీ దురాశదే అని చెప్పేవాళ్లు చాలామంది. అది మొదటి దెబ్బే తప్ప ప్రాణం తీసిన దెబ్బ కాదు. చేతికొచ్చిన బేరాన్ని ఎక్కువ అడిగి చెడగొట్టుకోవడమే అసలు కారణమని ఆ తేదీలను వరుసగా చూస్తే తెలుస్తుంది.

ఇక ఆట. ఆ ఏడాది ప్యాక్-12 అంత బాగుండటానికి ముఖ్య కారణం క్వార్టర్‌బ్యాక్‌లు, అంటే జట్టు అటాక్‌ను నడిపిస్తూ పాస్‌లు విసిరే ఆటగాళ్లు. వాషింగ్టన్‌కు మైఖేల్ పెనిక్స్ జూనియర్, ఒరెగాన్‌కు బో నిక్స్, యూఎస్‌సీకి, ఏటా అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని 2022లో గెలిచిన కేలెబ్ విలియమ్స్, వాషింగ్టన్ స్టేట్‌కు క్యామ్ వార్డ్, కొలరాడోకు షెడ్యూర్ శాండర్స్, ఒరెగాన్ స్టేట్‌కు డీజే ఉయాంగలలే. వీళ్లలో ఒక్కరు కూడా ఆ యూనివర్సిటీలో మొదటినుంచి చదివినవాళ్లు కాదు. పెనిక్స్ ఇండియానా నుంచి, నిక్స్ ఆబర్న్ నుంచి, విలియమ్స్ ఓక్లహోమా నుంచి వచ్చారు. 2021 నుంచి ఆటగాడు యూనివర్సిటీ మారితే ఏడాది కూర్చోవాల్సిన నిబంధన పోయింది. అదే ఏడాది జులై నుంచి తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకునే హక్కూ వచ్చింది. కోవిడ్ సీజన్ లెక్కలోకి రాకపోవడంతో సీనియర్లకు అదనంగా ఒక ఏడాది దొరికింది. పెనిక్స్‌కు 2023 కాలేజీలో ఆరో ఏడు. యూనివర్సిటీలు కాన్ఫరెన్స్‌లు మారుతున్నాయని విలపించిన వ్యాఖ్యాతలు, అదే స్వేచ్ఛతో మారి వచ్చిన కుర్రాళ్ల ఆటను అదే నోటితో మెచ్చుకున్నారు.

పెనిక్స్‌ది ఎవరూ ఊహించని ప్రయాణం. ఇండియానాలో నాలుగు సీజన్లు నాలుగూ గాయాలతోనే ముగిశాయి, మోకాలు రెండుసార్లు, భుజం రెండుసార్లు. అక్కడ ఒక ఏడాది తనకు అటాక్ నేర్పిన కోచ్ కేలెన్ డీబోర్ 2022లో వాషింగ్టన్ హెడ్ కోచ్ అయ్యాక, పెనిక్స్ సియాటిల్ వచ్చాడు. 2021లో 4-8తో (నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు) చతికిలపడిన జట్టు మరుసటి ఏడాది 11-2. 2023లో మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఏకపక్షంగా గెలిచింది.

ఆ తర్వాతి పది విజయాలను చూడాలి. అరిజోనాపై 7 పాయింట్లు, ఒరెగాన్‌పై 3, అరిజోనా స్టేట్‌పై 8, స్టాన్‌ఫర్డ్‌పై 9, యూఎస్‌సీపై 10, యూటాపై 7, ఒరెగాన్ స్టేట్‌పై 2, వాషింగ్టన్ స్టేట్‌పై 3, మళ్లీ ఒరెగాన్‌పై 3, టెక్సస్‌పై 6. వరుసగా పది మ్యాచ్‌లు, ఒక్కటీ పది పాయింట్లకు మించిన తేడాతో గెలవలేదు. ఇది అదృష్టమేనని, సగటు లెక్కల ప్రకారం ఎక్కడో తప్పక ఓడాల్సిందని గణాంకాల వాళ్లు వారం వారం చెబుతూనే ఉన్నారు. 3-9తో ముగించిన అరిజోనా స్టేట్ మీద వాషింగ్టన్ అటాక్ ఒక్క టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటించి తెచ్చే ఆరు పాయింట్లు) కూడా చేయలేకపోయింది. డిఫెండర్ మిషేల్ పవెల్ ప్రత్యర్థి పాస్‌ను పట్టుకుని 89 గజాలు పరుగెత్తబట్టి 15-7తో బయటపడింది. యూఎస్‌సీ మీదేమో 52-42, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ డిలన్ జాన్సన్ ఒక్కడే 256 గజాలు. మర్నాడు యూఎస్‌సీ తన డిఫెన్స్ కోచ్‌ను పీకేసింది. అదృష్టం కొంత ఉండొచ్చు. అయితే ఎలాంటి ఆటలోనైనా ఇరుకున పడి బయటపడగల జట్టుకు అదొక్కటే కారణమంటే నమ్మబుద్ధి కాదు.

సీజన్‌కు గుండెకాయ అక్టోబర్ 14 నాటి వాషింగ్టన్-ఒరెగాన్ మ్యాచ్. రెండూ అజేయంగా వచ్చాయి. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. నాలుగో ప్రయత్నంలో విఫలమైతే బంతి అక్కడికక్కడే ప్రత్యర్థికి పోతుంది, అందుకే చాలామంది కోచ్‌లు నాలుగోసారి బంతిని దూరంగా తన్నిస్తారు, దగ్గర్లో ఉంటే గోల్ స్తంభాల మధ్యకు తన్నే ఫీల్డ్ గోల్‌తో మూడు పాయింట్లు తీసుకుంటారు. ఒరెగాన్ కోచ్ డాన్ లానింగ్ ఆ రోజు గోల్ లైన్‌కు దగ్గరగా రెండుసార్లు ఆ మూడు పాయింట్లు వద్దని టచ్‌డౌన్ కోసం వెళ్లి, రెండుసార్లూ వట్టి చేతులతో వచ్చాడు. చివర్లో 33-29తో ముందున్నాడు. 2 నిమిషాల 11 సెకన్లు మిగిలాయి. మైదానం మధ్యలో నాలుగో డౌన్ (ప్రయత్నం), మూడు గజాలు కావాలి. మళ్లీ వెళ్లాడు, మళ్లీ రాలేదు. వాషింగ్టన్‌కు రెండు ప్రయత్నాలు సరిపోయాయి. పెనిక్స్ వేసిన పాస్‌ను రోమ్ ఒడుంజే టచ్‌డౌన్‌గా మార్చాడు. ఆఖరి క్షణంలో ఒరెగాన్ 43 గజాల ఫీల్డ్ గోల్ పక్కకు పోయింది. 36-33.

లానింగ్‌ను వారం రోజులు తిట్టారు. మొదటి రెండు నిర్ణయాల మీద వాదించుకోవచ్చు. మూడోది మాత్రం సరైనదే. మూడు గజాలొస్తే ఆట అక్కడితో అయిపోతుంది, బంతిని తన్నేసి పెనిక్స్‌కు రెండు నిమిషాలు ఇవ్వడం కూడా తక్కువ ప్రమాదమేమీ కాదు.

నవంబర్ 25న సొంత రాష్ట్రపు ప్రత్యర్థి వాషింగ్టన్ స్టేట్‌తో జరిగిన మ్యాచ్‌లో (దాని పేరు యాపిల్ కప్) వేరే రకమైన టెన్షన్. వదిలేసి వెళ్లేవాడూ మిగిలిపోయినవాడూ ఎదురెదురుగా ఉన్నారు. స్కోరు 21-21. వాషింగ్టన్ తన సొంత 29 గజాల గీత దగ్గర నాలుగో డౌన్‌లో పడింది. అక్కడ ఓడితే వాషింగ్టన్ స్టేట్ దాదాపు గెలిచినట్టే. డీబోర్ బంతిని ఒడుంజే చేతికిచ్చి పరుగెత్తించాడు, 23 గజాలు వచ్చాయి. గ్రేడీ గ్రాస్ 42 గజాల ఫీల్డ్ గోల్ కొట్టి గెలిపించాడు. అప్పటిదాకా స్కాలర్‌షిప్ లేకుండా ఆడుతున్న ఆ కుర్రాడికి డ్రెస్సింగ్ రూమ్‌లోనే స్కాలర్‌షిప్ ప్రకటించారు. డిసెంబర్ 1న లాస్ వేగాస్‌లో చాంపియన్‌షిప్. పందెం రాయుళ్లంతా ఒరెగాన్ వైపు. వాషింగ్టన్ 34-31. ఒరెగాన్ 12-2తో సీజన్ ముగించింది. ఓడిన రెండూ ఒకే జట్టు చేతిలో, మూడేసి పాయింట్లతో.

కొలరాడో గురించి చెప్పకపోతే ఆ శరదృతువు అర్థం కాదు. ముందు ఏడాది 1-11 జట్టు. దాన్ని చేపట్టిన కొత్త కోచ్ డియాన్ శాండర్స్ పాత ఆటగాళ్లను దాదాపు అందరినీ సాగనంపి కొత్తవాళ్లను తెచ్చుకున్నాడు. మొదటి మ్యాచ్‌లో, అంతకు ముందు సీజన్ జాతీయ ఫైనల్ ఆడిన టీసీయూని (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) 45-42తో ఓడించాడు. అటాక్, డిఫెన్స్ రెండూ ఆడే ట్రావిస్ హంటర్‌ను చూడటానికి దేశం టీవీల ముందు కూర్చుంది. తూర్పు తీరంలో రాత్రి పది గంటలకు మొదలైన కొలరాడో స్టేట్ మ్యాచ్‌ను 90 లక్షలకు పైగా చూశారు. ఒరెగాన్ చేతిలో 42-6తో చిత్తయిన మ్యాచ్‌కు దాదాపు కోటి మంది. స్టాన్‌ఫర్డ్ మీద సగం ఆటకు 29-0 ఆధిక్యంలో ఉండి కూడా ఓడి, చివరికి 4-8తో ముగించారు. అర్ధరాత్రి మ్యాచ్‌లు ఎవరూ చూడరన్న వాదనకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు. కాకపోతే జవాబు ఏడాది ఆలస్యంగా వచ్చింది, అదీ కొలరాడో వెళ్లిపోయాక. ఈ సీజనే 2022లో జరిగి ఉంటే బేరం మారేదా అంటే కొంత మారేదేమో. లాస్ ఏంజెలిస్ పోయిన లోటును మాత్రం పూడ్చేది కాదు.

వాషింగ్టన్ నాలుగు జట్ల జాతీయ ప్లేఆఫ్‌లో రెండో స్థానంతో అడుగుపెట్టింది. 2016 తర్వాత ప్యాక్-12కు అదే మొదటిసారి. జనవరి 1న న్యూ ఓర్లీన్స్‌లో టెక్సస్ మీద పెనిక్స్ 430 గజాలు విసిరాడు, 37-31. వారం తర్వాత హ్యూస్టన్ ఫైనల్లో మిషిగన్ 34-13తో ఆ పరుగును ఆపింది. హైస్‌మన్ ఓట్లలో పెనిక్స్‌ది రెండో స్థానం, నిక్స్‌ది మూడో స్థానం. ఏప్రిల్‌లో, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో విలియమ్స్ ఒకటో ఎంపిక, పెనిక్స్ ఎనిమిది, ఒడుంజే తొమ్మిది, నిక్స్ పన్నెండు. ఫైనల్ ముగిసిన వారంలోపే డీబోర్ అలబామాకు వెళ్లిపోయాడు. ఆయన స్థానంలోకి, రెండేళ్లలో అరిజోనాను 1-11 నుంచి 10-3కు లేపిన జెడ్ ఫిష్ వచ్చాడు.

మైదానం బయట మరో పోటీ కోర్టులో నడిచింది. మిగిలిన రెండు యూనివర్సిటీలూ సెప్టెంబర్ 8న వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కౌంటీ కోర్టులో దావా వేశాయి. ప్రశ్న తేలికైనది: కాన్ఫరెన్స్ బోర్డులో ఓటు ఎవరిది? వెళ్లిపోయే పదికీ ఓట్లుంటే, ఉన్న ఆస్తి పంచుకుని దుకాణం మూసేయొచ్చు. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వెళ్తామన్నప్పుడు వాళ్లను బోర్డు నుంచి తప్పించింది ఈ కాన్ఫరెన్సే. కొలరాడో విషయంలోనూ అంతే చేసింది. తాము పెట్టిన ఆ రివాజే చివరికి పది మంది మెడకూ చుట్టుకుంది. నవంబర్‌లో కోర్టు ఇద్దరి పక్షాన ఉత్తర్వు ఇచ్చింది, డిసెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది, రాజీ కుదిరింది. వెళ్లేవాళ్లు ఒక్కొక్కరూ 65 లక్షల డాలర్లు వదులుకున్నారు. పేరూ, ఆస్తులూ, అప్పులూ ఆ ఇద్దరివే అయ్యాయి.

వెళ్లినవాళ్లందరికీ పంట పండలేదు. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ మొదటి ఏడేళ్లు ఏసీసీలో సుమారు 30 శాతం టీవీ వాటాకే ఒప్పుకున్నాయి. యూసీఎల్‌ఏ తన సోదర సంస్థ బర్కిలీకి ఏటా కోటి డాలర్లు ఇవ్వాలని కాలిఫోర్నియా యూనివర్సిటీ రీజెంట్లు, అంటే పాలకమండలి, తేల్చారు. 2024లో ఒరెగాన్ వెళ్లిన మొదటి ఏడే బిగ్ టెన్ చాంపియన్. టెంపీలో తెలుగు విద్యార్థులు వందలుగా చదివే అరిజోనా స్టేట్, బిగ్ 12లో చివరి స్థానం ఖాయమని అందరూ అంచనా వేసినా, ఆ కాన్ఫరెన్స్‌ను గెలిచి ప్లేఆఫ్‌కు వెళ్లింది. సియాటిల్‌లో వాషింగ్టన్ 6-7కు దిగిపోయింది. ప్లేఆఫ్ 2024 నుంచి పన్నెండు జట్లకు పెరిగింది. అదే పద్ధతి ఏడాది ముందే ఉంటే ఎనిమిదో ర్యాంకు ఒరెగాన్ కూడా తేలిగ్గా లోపలికి వచ్చేది.

నిబంధనల ప్రకారం ఉన్నత స్థాయి కాన్ఫరెన్స్‌కు ఎనిమిది జట్లు ఉండాలి, తగ్గితే రెండేళ్ల గడువు. రెండు జట్ల ప్యాక్-12 ఆ గడువును వాడుకుంది. 2024లో పక్కనున్న మౌంటెన్ వెస్ట్‌కు 1.4 కోట్ల డాలర్లు కట్టి మ్యాచ్‌లు ఏర్పాటు చేసుకుంది. ఆ సెప్టెంబర్‌లోనే అదే మౌంటెన్ వెస్ట్ నుంచి బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్‌లను లాక్కుంది. బిగ్ టెన్ తమకు చేసినదాన్ని తాము ఇంకొకరికి చేశారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ వాళ్లకు కనపడలేదు. ఎనిమిదో జట్టుగా 2025లో టెక్సస్ స్టేట్ ఒప్పుకుంది. 2026 జులై 1 నుంచి కొత్త సభ్యత్వం అమల్లోకి వచ్చేలా, టీవీలో సీబీఎస్ ప్రధాన భాగస్వామిగా బేరం కుదుర్చుకున్నారు. ఈసారి సీజన్ మొదలవ్వకముందే సంతకాలు అయ్యాయి.